పాడైంది స్పీకరా, చెవా?

ప్రశ్న: నా వయసు 57. షుగర్‌కి మాత్రలు వాడుతున్నాను. రోజూ పొద్దున్నే హాల్లోని వైర్‌లెస్ స్పీకర్లో నాదస్వరం వినడం అలవాటు. నాలుగు రోజులుగా అది రేకుడబ్బాలోంచి వస్తున్నట్టుంది, శ్రుతి కూడా తేడాగా వినిపిస్తోంది. మా అబ్బాయి ఫోన్లో సెట్టింగులన్నీ మార్చాడు. వాడికీ, మా ఆవిడకీ బాగానే వినిపిస్తోందట. నాకు మాత్రం కుడి చెవి దిబ్బడ వేసినట్టుంది, లోపల గుయ్‌మని చప్పుడు. జలుబు వల్లనేమోనని మెడికల్ షాపులో చుక్కల మందు తెచ్చి వేసుకుంటున్నాను. స్పీకర్ మార్చమంటారా?
– ఓ పాఠకుడు, నంద్యాల

జవాబు: మీ ప్రశ్న నాకు అందిన రోజే పత్రిక ఆఫీసు నుంచి మీకు ఫోన్ చేయించి, ఆ సాయంత్రంలోగా చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించుకోమని చెప్పించాను. జవాబు అచ్చయ్యేదాకా ఆగగలిగిన సమస్య కాదిది. మీలాంటి ఇబ్బంది ఇంకెవరికైనా వస్తే తెలియాలని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

స్పీకర్‌ని అనుమానించడం సహజమే. జత స్పీకర్లలో ఒకటి కనెక్షన్ వదిలేసినా, ఫోన్లో కుడి ఎడమల బ్యాలెన్స్ ఒక పక్కకు జరిగినా పాట వెలితిగా ఉంటుంది. ఏదైనా యాప్ మైకును పట్టుకుని ఉంటే బ్లూటూత్ కాల్ మోడ్‌లోకి వెళ్లి, సంగీతం సన్నగా, ఫోన్లో మాటలా వినిపిస్తుంది. లోపలి కోన్ చిరిగితే గరగరలాడుతుంది. అయితే ఈ లోపాలు ఇంట్లో అందరికీ వినిపిస్తాయి. మీ ఇంట్లో ఇద్దరు బాగుందంటున్నారు, మీకొక్కరికే బాగోలేదు. అసలు సంగతి అక్కడే తేలిపోయింది.

ఎవరికైనా ఇలా అనిపిస్తే ఒక చెవి మూసి రెండో చెవితో, తర్వాత అటుమార్చి అదే పాట వినండి. ఒక చెవికి సరిగ్గా, రెండో చెవికి డొల్లగా, వేరే శ్రుతిలో వినిపిస్తే తేడా స్పీకర్లో లేదు. ఆ తర్వాత పెదవులు మూసి ‘మ్...’ అని కాసేపు కూనిరాగం తీయండి. దిబ్బడ వేసిన చెవిలోనే ఆ శబ్దం గట్టిగా మోగితే గుబిలి గానీ, కర్ణభేరి వెనక నీరు గానీ అడ్డుపడి ఉండొచ్చు. బాగున్న చెవి వైపు మోగితే లోపలి చెవి దెబ్బతిన్నదేమోనని అనుమానించాలి. మేం 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ను నుదుటి మీద ఆనించి చూసేదీ ఇదే. ఇంట్లో చేసే పరీక్ష తొందర పెట్టడానికే, ధైర్యం చెప్పుకోవడానికి కాదు. ఫలితం ఎటొచ్చినా ఆడియోమెట్రీ చేయించాల్సిందే.

మూడు రోజుల్లోపే, పక్కపక్కనున్న మూడు ఫ్రీక్వెన్సీల్లో 30 డెసిబెల్స్ లేదా అంతకన్నా ఎక్కువ వినికిడి తగ్గితే దాన్ని హఠాత్తుగా వచ్చిన నరాల సంబంధ చెవుడు అంటాం. చాలామందికి రాత్రి బాగానే పడుకుని పొద్దున లేచేసరికి ఒక చెవి పనిచేయదు. నత్తగుల్ల ఆకారంలోని కాక్లియాలో శబ్దాన్ని పట్టే సూక్ష్మమైన కణాలు ఉంటాయి. చచ్చిపోతే మళ్లీ పుట్టవు. వైరస్ వల్లా, రక్తప్రసరణ తగ్గడం వల్లా అని ఎన్నో అనుకుంటాం గానీ, ఎక్కువమందిలో కచ్చితమైన కారణం దొరకదు. వినికిడి నరం మీద కేన్సర్ కాని గడ్డ కొద్దిమందిలో బయటపడుతుంది. అందుకే ఎంఆర్ఐ తీయిస్తాం.

చికిత్స ముఖ్యంగా స్టెరాయిడ్లు. మొదటి రెండు వారాల్లో మొదలుపెడితే ఫలితం ఉండే అవకాశం ఎక్కువ. ఆరు వారాలు దాటాక ఆశ బాగా తగ్గిపోతుంది. కొందరికి దానంతటదే కొంత వినికిడి తిరిగొస్తుంది, కానీ మీకూ వస్తుందని నమ్మి కూర్చోవడం నేను ఒప్పుకోను. షుగర్ ఉన్నవాళ్లకు మాత్రల స్టెరాయిడ్ పడితే చక్కెర అమాంతం పెరుగుతుంది. షుగర్ ఉందని మొదటే చెప్పండి. అలాంటివారికి కర్ణభేరిలోంచి నేరుగా మధ్యచెవిలోకి ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి ఉంది. మీ షుగర్ డాక్టరూ, చెవి డాక్టరూ మాట్లాడుకుని నిర్ణయిస్తారు.

చుక్కల మందు ఆపేయండి. వెల్లుల్లి వేసి కాచిన నూనె, ఇయర్ బడ్స్, పిన్నీసులు చెవి దరిదాపులకు రానీయొద్దు. లోపలి చెవికి వచ్చిన జబ్బుకు బయట పోసిన నూనె చేరదు సరికదా, డాక్టరు చెవిలోకి చూసేందుకు అడ్డమవుతుంది.

వినికిడి తగ్గడంతోపాటు మూతి వంకరపోవడం, మాట తడబడటం, కాలో చెయ్యో పట్టు తప్పడం, నిలబడలేనంత కళ్లు తిరగడం ఉంటే అది పక్షవాతం కావచ్చు. క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.

పాఠకులందరికీ నా మనవి ఇదే: ఒక్క చెవి హఠాత్తుగా మొద్దుబారితే ‘జలుబులే, వారం చూద్దాం’ అనుకోకండి. ఆ రోజే, కుదరకపోతే మర్నాడు పొద్దున్నే, ఆడియోమెట్రీ ఉన్న ఆస్పత్రికి వెళ్లండి.