పురిటికి అప్పు చేయాలా?

యలమంచిలి దగ్గర వరాహ నది పారుతుంది. చుట్టూ చెరకు తోటలు, వరి పొలాలు. అక్కడి పల్లెలో ఒక ఇల్లు ఉంది. ఆ ఇంటి పెద్ద కోడలికి నూకరత్నం అని పేరు పెట్టుకుందాం. నూకరత్నం లాంటి వాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

నూకరత్నం చెరకు నరికే పనికి వెళ్తుంది. మొగుడు తాపీ పనికి వెళ్తాడు. పని దొరికిన రోజు కూలి. దొరకని రోజు లేదు.

మొదటి కాన్పుకు నొప్పులు రాత్రి పూట వచ్చాయి. ఇంట్లో అందరూ కంగారు పడ్డారు. ఆటో పిలిచారు. ఆటో అబ్బాయి ఒక నర్సింగుహోం దగ్గర దింపాడు. "ఆపరేషను చెయ్యాలి. డబ్బు కట్టండి" అన్నారు అక్కడ. మొత్తం ఖర్చు 45 వేలు అయింది.

అత్త రెండు మేకలు అమ్మింది. నూకరత్నం చెవి కమ్మలు తాకట్టు పెట్టింది. మిగతా 30 వేలు అప్పు తెచ్చారు. కొడుకు పుట్టాడు. అందరూ సంతోషించారు. ఆ సంతోషంతో పాటు అప్పు కూడా ఇంట్లో అడుగు పెట్టింది.

అప్పు లెక్క

నూటికి నెలకు 3 రూపాయల వడ్డీ. 30 వేలకు నెలకు 900 రూపాయలు. ఏడాదికి 10,800 రూపాయలు. మూడేళ్లు వడ్డీ కడితే 32,400 రూపాయలు.

తెచ్చిన అప్పు కంటే కట్టిన వడ్డీ ఎక్కువైంది. అసలు మాత్రం అలాగే ఉంది. కమ్మలు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి.

అంతలో నూకరత్నం మళ్లీ నెల తప్పింది.

అత్త తల పట్టుకుంది. "ఈసారి ఏటి అమ్మాలే? మేకలు కూడా లేవు. మంత్రసానిని పిలిచి ఇంట్లోనే పురుడు పోసేద్దాం. నేను నలుగురిని కనలేదా?" అంది.

నూకరత్నం ఏమీ అనలేదు. అత్త నలుగురిని కన్నది నిజమే. అందులో ఒక బిడ్డ పురిట్లోనే పోయింది. ఆ మాట అత్త ఎప్పుడూ ఎత్తదు.

ఆశ వదిన వచ్చింది

మూడో నెలలో ఆ ఊరి ఆశ కార్యకర్త ఇంటికి వచ్చింది. నూకరత్నానికి ఆమె వదిన వరస.

"రత్నం, పేరు రాయించుకున్నావా?" అని అడిగింది.

"ఎందుకు వదినా? ఆసుపత్రికి వెళ్తే మళ్లీ అప్పే కదా!"

"మొదటిసారి నువ్వు నన్ను పిలవలేదు. పిలిచుంటే ఆ అప్పు ఉండేది కాదు" అంది వదిన. తర్వాత అత్త వైపు తిరిగింది. "పిన్నీ, ముందు కాన్పు ఆపరేషను అయింది. ఆ కోత ఉన్న కడుపుతో ఇంట్లో పురుడు పోసుకోకూడదు. లోపలి కుట్టు విడితే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు."

అత్త గతుక్కుమంది. "మరి డబ్బో?" అని అడిగింది.

వదిన గడప మీద కూచుని ఒక్కొక్కటీ చెప్పింది.

"2011 జూన్ 1 నుంచి జననీ శిశు సురక్ష అని ఒక కార్యక్రమం ఉంది. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు పూర్తిగా ఉచితం. మామూలు కాన్పయినా, ఆపరేషనయినా ఉచితమే. మందులు, పరీక్షలు, నెత్తురు ఎక్కించడం ఉచితం. ఆసుపత్రిలో తిండి కూడా పెట్టాలి. మామూలు కాన్పుకు 3 రోజులు, ఆపరేషనుకు 7 రోజులు. ఇంటి నుంచి తీసుకెళ్లడానికీ, తిరిగి దింపడానికీ బండి ఉంది. బిడ్డకు జబ్బు చేస్తే ఆ వైద్యమూ ఉచితమే."

"ఇంకా చెప్పు" అంది అత్త. ఆమె దగ్గరకు జరిగింది.

"2005లో జననీ సురక్ష యోజన వచ్చింది. పేదింటి తల్లి ఆసుపత్రిలో కంటే, పల్లెవాళ్లకు 700 రూపాయలు, పట్నం వాళ్లకు 600 రూపాయలు ఇస్తారు. 2017 నుంచి మాతృవందన పథకం ఉంది. మొదటి కాన్పుకు 5 వేలు ఇస్తారు. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6 వేలు. డబ్బు తల్లి బ్యాంకు ఖాతాలోనే పడుతుంది."

"నా మొదటి కాన్పు డబ్బు నాకు రాలేదు వదినా!" అంది నూకరత్నం.

"అడగలేదు కాబట్టి రాలేదు. పేరు రాయించాలి. కాగితాలు ఇవ్వాలి. తెలియని హక్కు పెట్టెలో దాచిన చీర లాంటిది. ఉన్నా కట్టుకోలేం."

బీమా అంటే ఏమిటి?

ఆ సాయంత్రం తోటికోడలు పని నుంచి వచ్చింది. ఆమె అచ్యుతాపురంలో బట్టలు కుట్టే కంపెనీకి వెళ్తుంది. "అప్పా, మా కంపెనీలో ఈఎస్ఐ కార్డు ఉంది. అది బీమా అంట" అంది.

బీమా అంటే ఏమిటి? పొదుపు సంఘం తెలిసిన వాళ్లకు బీమా కష్టం కాదు.

ఒక ఊళ్లో 100 ఇళ్లు ఉన్నాయి అనుకుందాం. ప్రతి ఇల్లూ నెలకు 20 రూపాయలు వేస్తుంది. నెలకు 2 వేలు అవుతుంది. ఏడాదికి 24 వేలు. ఆ ఏడాది రెండు ఇళ్లలో పెద్ద జబ్బు చేసింది. ఆ డబ్బు ఆ రెండు ఇళ్లకు ఇచ్చారు. మిగతా 98 ఇళ్లకు డబ్బు తిరిగి రాదు. కాని రేపు వాళ్ల ఇంట్లో జబ్బు చేస్తే అందరి డబ్బూ వాళ్లను ఆదుకుంటుంది. ఒక్కరి బరువును అందరూ మోస్తారు. ఇదే బీమా. అలా కట్టే డబ్బును ప్రీమియం అంటారు.

మరి నెలకు 20 రూపాయలు కూడా కట్టలేని వాళ్లో? వాళ్ల తరఫున ప్రభుత్వం కడుతుంది. కొన్ని చోట్ల కొంత కడుతుంది. కొన్ని చోట్ల అంతా కడుతుంది. ప్రభుత్వం డబ్బు ఎక్కడిది? మనం సబ్బు కొన్నా, అగ్గిపెట్టె కొన్నా అందులో పన్ను ఉంది. కూలి చేసే ఆడది కూడా పన్ను కడుతోంది. కాబట్టి ఇది దానం కాదు. మన సొమ్మే మన కష్టానికి రావడం.

ఈఎస్ఐ చట్టం 1948లో వచ్చింది. నెల జీతం 21 వేలు దాటని కార్మికులు ఇందులో ఉంటారు. జీతంలో నూటికి 75 పైసలు కార్మికురాలు కడుతుంది. 3 రూపాయల 25 పైసలు యజమాని కడతాడు. తోటికోడలి జీతం 12 వేలు. ఆమె కట్టేది 90 రూపాయలు. యజమాని కట్టేది 390 రూపాయలు. చందా రోజులు సరిపోతే కాన్పుకు 26 వారాల సెలవు, ఆ సెలవుకు జీతం డబ్బు వస్తాయి. మగ కార్మికుడి భార్యకు కూడా కాన్పు వైద్యం చేస్తారు. అందుకే కంపెనీకి వెళ్లేవాళ్లు తమ పేరు ఈఎస్ఐలో ఉందో లేదో కనుక్కోవాలి. కాంట్రాక్టరు కింద పనిచేసే వాళ్లు తప్పకుండా అడగాలి.

నూకరత్నం కూలి మనిషి. ఆమెకు ఈఎస్ఐ లేదు. కాని ఆమెకు ఇంకో కార్డు ఉంది. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైంది. ముందుగా శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పెట్టారు. అప్పుడు పేదల తరఫున ప్రభుత్వమే బీమా కంపెనీకి ప్రీమియం కట్టింది. తర్వాత ప్రభుత్వ ట్రస్టు నేరుగా ఆసుపత్రులకు డబ్బు కట్టడం మొదలుపెట్టింది. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకాన్ని ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు.

ఒక మాట గుర్తుంచుకోవాలి. ఈ కార్డు ప్రతి ఆసుపత్రిలోనూ చెల్లదు. పథకంలో చేరిన ఆసుపత్రిలో, జాబితాలో ఉన్న జబ్బుకే చెల్లుతుంది. గుర్రపు వాతం ముదిరినప్పుడు, నెలలు నిండని బిడ్డకు ఊపిరి అందనప్పుడు చేసే ఖరీదైన వైద్యం ఆ జాబితాలో ఉంది. ఆసుపత్రిలో ఈ పథకం కోసం ఒక మిత్ర కూచుంటారు. డబ్బు కట్టే ముందే వాళ్లను కలవాలి.

ఆ రాత్రి

నూకరత్నం పేరు రాయించుకుంది. తల్లీబిడ్డల కార్డు తీసుకుంది. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ఆసుపత్రిలో ఉచితంగా పరీక్ష చేస్తారు. ఇది 2016 నుంచి జరుగుతోంది. అక్కడ నెత్తురు పరీక్ష చేశారు. 11 ఉండాల్సింది 8 ఉంది.

"నెత్తురు తక్కువైతే కాన్పులో కొంచెం నెత్తురు పోయినా తట్టుకోలేవు" అంది నర్సమ్మ. ఐరన్ మాత్రలు ఇచ్చింది. నూకరత్నం రోజూ వేసుకుంది. మునగాకు, తోటకూర, గుడ్డు తింది. అత్త తన వాటా గుడ్డు కూడా కోడలికే పెట్టింది.

ఎనిమిదో నెల వచ్చింది. ఒక రాత్రి నూకరత్నానికి తల పగిలిపోయేంత నొప్పి. కాళ్లు, ముఖం వాచాయి. కళ్లు మసకలు కమ్మాయి.

"దిష్టి తగిలిందేమో, ఉప్పు తిప్పుదాం" అంది అత్త. అంతలోనే ఆశ వదిన మాట గుర్తొచ్చింది. తలనొప్పి, వాపు, కళ్ల మసక కలిసి వస్తే తెల్లారేదాకా ఆగొద్దు అని చెప్పింది. అత్తే మొగుణ్ని లేపమని కేకేసింది. వదినకు కబురు పంపింది.

వదిన 108కు ఫోను చేసింది. బండి వచ్చింది. యలమంచిలి ఆసుపత్రిలో రక్తపోటు చూశారు. చాలా ఎక్కువగా ఉంది. ఫిట్సు రాకుండా సూది వేశారు. అదే బండిలో విశాఖపట్నం పెద్దాసుపత్రికి పంపారు. దాదాపు 60 కిలోమీటర్లు. దారి పొడుగునా అత్త కోడలి చెయ్యి వదల్లేదు.

తెల్లవారుజామున ఆపరేషను చేశారు. ఆడపిల్ల పుట్టింది. బరువు ఒక కిలో ఎనిమిది వందల గ్రాములు. బిడ్డను 12 రోజులు ప్రత్యేక వార్డులో ఉంచారు. తల్లి పాలు పిండి పట్టారు.

ఇంటికి బయలుదేరిన రోజు అత్త భయపడుతూ అడిగింది. "బిల్లు ఎంతయింది బాబూ?"

"ఏమీ లేదమ్మా. సంతకం పెట్టండి చాలు" అన్నాడు అక్కడి గుమాస్తా.

నూకరత్నం తన పేరు తానే రాసింది. తల్లీబిడ్డల బండి వాళ్లను ఇంటి దగ్గర దింపింది.

అంతా సుఖమేనా?

లేదు. మొగుడికి 12 రోజుల కూలి పోయింది. తోడున్న వాళ్ల తిండికి చేతి డబ్బు ఖర్చయింది. దీనికి ఏ కార్డూ ఇవ్వలేదు. పొదుపు సంఘంలో దాచిన డబ్బు ఆదుకుంది. కాని వడ్డీ అప్పు కొత్తగా పుట్టలేదు.

ఇంతకు ముందు కాలం ఎలా ఉండేది? 1992-93లో ఆంధ్రప్రదేశ్‌లో నూరు కాన్పులు జరిగితే 33 మాత్రమే ఆసుపత్రుల్లో జరిగాయి. 2019-21 నాటికి అవి 96 దాటాయి. 2004-06లో లక్ష కాన్పులకు 154 మంది తల్లులు చనిపోయారు. 2018-20లో 45 మంది. ఇది పెద్ద మార్పు. కాని ఆ 45 మందిలో ప్రతి ఒక్కరూ ఒక ఇంటి తల్లే.

ఇంకో సంగతి. 2019-21లో రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు కోత కాన్పులే. ప్రైవేటు ఆసుపత్రుల్లో నూటికి 60 పైన. ప్రభుత్వాసుపత్రుల్లో దాదాపు 27. ఆపరేషను కొందరికి ప్రాణం పోస్తుంది. కాని అందరికీ అవసరం లేదు. "ఎందుకు చెయ్యాలి?" అని అడగడం తప్పు కాదు.

పాప పేరున 6 వేలకు ఆశ వదిన కాగితాలు పెట్టించింది. "ఆడపిల్ల అయితేనేం, తన డబ్బు తనే తెచ్చుకుంది" అంది అత్త. పాపను ఒళ్లో పెట్టుకుని నవ్వింది.

గుర్తుంచుకోండి

నెల తప్పగానే ఆశ కార్యకర్త దగ్గర పేరు రాయించుకోండి.
ఆధార్, రేషను కార్డు, బ్యాంకు పుస్తకం, తల్లీబిడ్డల కార్డు ఒకే సంచిలో పెట్టుకోండి.
ఏ ఆసుపత్రికి వెళ్లాలో ఏడో నెలలోనే అనుకోండి.
తలనొప్పి, వాపు, కళ్ల మసక, నెత్తురు పోవడం, బిడ్డ కదలకపోవడం ఉంటే వెంటనే 108కు ఫోను చేయండి.
ఉచితం అన్నచోట డబ్బు అడిగితే రసీదు అడగండి. పై అధికారికి చెప్పండి.

మాట్లాడుకోండి

మీ ఇంట్లో కాన్పుకు ఎంత ఖర్చయింది? ఆ డబ్బు ఎలా తెచ్చారు?
నూకరత్నం మొదటి కాన్పుకు ఎందుకు అప్పు చేయాల్సి వచ్చింది?
మీ ఊళ్లో ఆశ కార్యకర్త పేరు, ఫోను నంబరు మీకు తెలుసా?

లెక్క చేయండి

20 వేలు అప్పు. నూటికి నెలకు 2 రూపాయల వడ్డీ. ఏడాదికి వడ్డీ ఎంత?

చదవండి, రాయండి

కాన్పు, పురుడు, బీమా, ప్రీమియం, రక్తపోటు, రసీదు, హక్కు