అక్షయ పాత్ర నేర్పు తృప్తి

వైశాఖ శుద్ధ తదియకు అక్షయ తృతీయ అని పేరు. ఆనాడు చేసిన స్నాన, జప, దానములు క్షయము లేని ఫలము నిచ్చునని ఆస్తికుల విశ్వాసము. ఎండలు మండు కాలమగుటచే నీటికుండను, విసనకఱ్ఱను, గొడుగును దానమిచ్చుట పెద్దలు ఏర్పరచిన ఆచారము. ఇచ్చుటకై ఏర్పడిన ఈ దినము ఇటీవలి కాలమున కొనుగోళ్ల దినముగా మారినది. ఆనాడు బంగారము కొననిచో కలిమి నిలువదను భయముతో అప్పు చేసియైనను ఒక కాసు తెచ్చుకొను కుటుంబములు కలవు. అట్టి యింట తరుగక పెరుగునది వడ్డీ మాత్రమే.

అక్షయమనగా నేమో మహాభారతమందలి అరణ్యపర్వము తెలుపుచున్నది. రాజ్యము కోల్పోయి పాండవులు అడవికి బయలుదేరగా పలువురు బ్రాహ్మణులు వారిని విడువక వెంట వచ్చిరి. ధర్మరాజు తన ఆకలికై చింతింపలేదు. నమ్మి వచ్చినవారికి అన్నము పెట్టుట యెట్లని చింతించెను. ధౌమ్యుని ఉపదేశముచే సూర్యుని ఆరాధించి అక్షయ పాత్రను పొందెను. ఆ పాత్రకొక నియమము కలదు. అందరికిని వడ్డించి చివర ద్రౌపది భుజించువరకే అందు అన్నము తరుగకుండును. ఆమె భుజించిన పిమ్మట ఆ దినమునకు పాత్ర రిక్తమగును. ఇతరులకు పెట్టుచున్నంతసేపే అది అక్షయము. రేపటికై దాచుటకు అందు తావు లేదు.

ద్రౌపది భోజనమైన పిదప దుర్వాసుడు శిష్యసమేతముగా వచ్చిన కథ సుప్రసిద్ధము. శ్రీకృష్ణుడు పాత్ర అంచున అంటియున్న ఆకుకూర తునకను ఆరగింపగా, స్నానమునకై నదిలో దిగిన మునులందరికిని కడుపు నిండెను. వారిని తృప్తిపరచినది అన్నపురాశి కాదు. భగవంతునికి అర్పితమైన అల్పపదార్థము. తృప్తి వస్తువుల లెక్కను బట్టి రాదనుటకు ఇంతకు మించిన దృష్టాంతమేల?

నేటి గృహస్థునకు ఈ పాఠము మిక్కిలి అవసరము. పూర్వము ఒక వస్తువు కావలెనన్న సంతరోజు వరకు వేచియుండవలసి వచ్చెడిది. ఆ లోపల కోరిక చల్లారుటయు కలదు. నేడు ఫోనుపై వ్రేలు కదిపినంతనే వస్తువు గుమ్మము ముందుకు వచ్చుచున్నది. సొమ్ము వాయిదాలలో చెల్లింపవచ్చును. కోరికకును కొనుగోలునకును నడుమ విచారణకు వ్యవధి కరవైనది. బీరువాలో మడత విప్పని చీర లుండగనే మరియొకటి వచ్చి చేరును. వచ్చిన ప్రతి వస్తువు చోటు కోరును, శుభ్రత కోరును, కాపలా కోరును. సేవించుటకు తెచ్చుకొన్నది క్రమముగా యజమానియగును.

పతంజలి మహర్షి యోగసూత్రములలో అపరిగ్రహమును యమములలో కడపటిదిగను, సంతోషమును నియమములలో రెండవదిగను పేర్కొనెను. యమములు ముందు, నియమములు పిదప. అనవసరమైనదానిని చేపట్టకుండుట అలవడిన పిమ్మట సంతోషసాధన సుకరమగునని ఈ క్రమమునుండి గ్రహింపవచ్చును.

అట్లని గృహస్థు సన్న్యాసివలె ఉండనక్కరలేదు. బిడ్డల చదువునకు, ఆరోగ్యమునకు, ఇంటి అవసరములకు వలసినది కొనుట ధర్మమే. అవసరమైన వస్త్రమును నేతగాని శ్రమకు తగిన ధర యిచ్చి కొనుటయు ధర్మమే. తక్కిన కోరికలకు ఒక చిన్న వ్రతము చాలును. కొనవలెనని తోచినదానిని ఒక పుస్తకమున వ్రాసి, రాబోవు ఏకాదశి వరకు ఆగవలెను. ఆనాడును అవసరమని తోచినచో కొనవచ్చును. లేనిచో కొట్టివేసి, మిగిలిన సొమ్ములో కొంత అప్పు తీర్చుటకును, కొంత అన్నదానమునకును వినియోగింపవలెను. కొన్ని మాసములు గడచునప్పటికి కొట్టివేతలే అధికమగును.

సింహాచలమున ఏడాది పొడవున చందనముచే కప్పబడియుండు వరాహ నృసింహస్వామి నిజరూప దర్శన మిచ్చునదియు అక్షయ తృతీయనాడే. పైపూత తొలగినప్పుడే స్వామి నిజరూపము భక్తులకు కానవచ్చును. అనవసరమైన వస్తువుల పూత తొలగిన యింట శాంతి యొక్క నిజరూపమును అట్లే కానవచ్చును. ఆనాడు దప్పిగొన్న బాటసారికి ఒక చెంబెడు చల్లని నీరిచ్చినవాని కలిమి తరుగదు.