ఊసరవెల్లికి ఇల్లు

పిల్లలూ! మాట మార్చేవాళ్ళని మనం "ఊసరవెల్లిలా రంగులు మారుస్తున్నాడు" అంటాం. కానీ ఊసరవెల్లి ఎవరినీ మోసం చెయ్యదు. చలేసినా, భయమేసినా, కోపమొచ్చినా దాని రంగు మారుతుంది. నోరు లేని ప్రాణికి అదే భాష.

మీ ఇంట్లో యెమెన్ ఊసరవెల్లిని పెంచుతున్నారా? అయితే దాని ఇల్లు ఇలా ఉండాలి.

పంజరం: ఇది చెట్టు మీద బతికే ప్రాణి. పెద్దదానికి 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు కావాలి. గాలి ఆడేలా చుట్టూ మెష్ ఉండాలి. ఒక పంజరంలో ఒక్కదాన్నే ఉంచాలి.

మొక్కలు: మందార, మనీప్లాంట్ కుండీలు పెట్టండి. దాక్కునే చోటుంటే దానికి ధైర్యం.

వెలుగు: పగలు 12 గంటలు యూవీబీ దీపం వెయ్యాలి. లేకపోతే ఎముకలు మెత్తబడతాయి. వెచ్చగా కూర్చునే కొమ్మ దగ్గర సుమారు 30 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి. రాత్రి దీపాలన్నీ ఆర్పెయ్యాలి.

నీళ్ళు: ఇదే అన్నిటికన్నా ముఖ్యం. గిన్నెలో కదలకుండా ఉన్న నీళ్ళని ఇది సాధారణంగా తాగదు. ఆకుల మీద మెరిసే చుక్కల్నే నాకుతుంది. రోజూ రెండుసార్లు ఆకుల మీద నీళ్ళు చిలకరించండి. మరిచిపోతే, గిన్నె నిండా నీళ్ళున్నా దాహంతో చచ్చిపోవచ్చు.

ఇండియా వెళ్ళినప్పుడు చెట్టు మీద ఊసరవెల్లి కనిపిస్తే చూడండి, పట్టుకోకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అక్కడ దాన్ని పట్టుకోవడం నేరం.

కొత్త మాట: చిలకరించు – కొద్దికొద్దిగా నీళ్ళు చల్లు.

జవాబు రాయండి:
1. ఊసరవెల్లి రంగు ఎప్పుడెప్పుడు మారుతుంది?
2. అది నీళ్ళు ఎలా తాగుతుంది?