రాష్ట్రపతి అభ్యర్థులు – దేశరక్షణ, విదేశాంగ విధానం: 1969 ఎన్నిక చెప్పే పాఠం

(ద్వితీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి, శ్రీముఖలింగం)

2025 మే నెల. పాకిస్తాన్‌తో ఘర్షణ వార్తలు గంటగంటకూ వస్తున్న రోజులు. సెలవు మీద ఊరికొచ్చిన మా మేనమామ కొడుకు సిపాయి. వెంటనే రమ్మని అతనికి కబురొచ్చింది. బావను బస్సెక్కించి వచ్చి, మా నాన్న, నేను పొలానికి గత్తం తోలడానికి బండికెత్తుతున్నాం. నాన్న పార ఆపి అడిగాడు:

"ఏరా బాబూ, సైన్యానికంతటికీ పెద్ద రాష్ట్రపతే అంటారు గదా. మరి ఆవిడ సంతకం పెట్టనంటే యుద్ధం ఆగిపోద్దా?"

"చూసి చెప్తాను నాన్నా" అన్నాను.

"మరి ఆ పదవికి పోటీ చేసినప్పుడు, యుద్ధం గురించి నీ ఆలోచనేటి అని ఎవులూ అడగరేటి?"

నేను చదువుతున్నది భౌతికశాస్త్రం. రాజ్యాంగం హైస్కూల్లో చదివి మరచిపోయిన పాఠం. నాన్న ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ కళాశాల గ్రంథాలయంలో చదివిన దానిని మిత్రులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

రెండు దేశాలు – రెండు పద్ధతులు

అమెరికాలో అధ్యక్షుడే ప్రభుత్వాధిపతి, అతడే సర్వసైన్యాధిపతి. అందుచేత అక్కడి అభ్యర్థి యుద్ధం గురించీ, పరదేశాల గురించీ తన మనసులో మాట చెప్పి తీరాలి. 1960లో కెన్నెడీ, నిక్సన్‌లు టెలివిజన్‌లో వాదించుకున్నప్పుడు, చైనా తీరానికి ఆనుకొని తైవాన్ ఆధీనంలో ఉన్న కెమోయ్, మాత్సు అనే చిన్న దీవులను అమెరికా కాపాడాలా వద్దా అన్నది పెద్ద తగువైంది. ఓటర్లు చెవులు రిక్కించి విన్నారు. ఎందుకంటే, గెలిచినవాడే రేపు ఆ నిర్ణయం చేస్తాడు.

మన పద్ధతి వేరు. రాజ్యాంగం 53వ అధికరణం ప్రకారం రక్షణ దళాల అత్యున్నత ఆధిపత్యం రాష్ట్రపతిదే. కాని 74వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి ప్రధానమంత్రి నాయకత్వంలోని మంత్రిమండలి సలహా మేరకే నడచుకోవాలి. నిర్ణయించే చెయ్యి ఒకటి, సంతకం చేసే చెయ్యి ఇంకొకటి.

మా ఊరి ముఖలింగేశ్వరుని గుడి గోడల మీద తూర్పు గంగ రాజుల శాసనాలు ఇప్పటికీ ఉన్నాయి. ఇది కళింగనగరంగా ఉన్న కాలంలో ఆ రెండు చేతులూ ఒక్క రాజువే. యుద్ధం నిర్ణయించేదీ ఆయనే, ఆజ్ఞ ఇచ్చేదీ ఆయనే. ప్రజాస్వామ్యం ఆ రెండు చేతులనూ విడదీసింది. అయితే రెండో చేతిని ఎన్నుకునేటప్పుడు ఏం చూడాలి? దీనికి 1969 ఎన్నికను మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు.

ముగ్గురు అభ్యర్థులు

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే మరణించారు. ఎన్నికలో మొత్తం 15 మంది నిలబడ్డారు. అసలు పోటీ ముగ్గురి మధ్యనే.

ఒకరు వరాహగిరి వెంకటగిరి. బరంపురంలో పుట్టిన తెలుగువారు, కార్మిక నాయకుడు. మన ఉత్తరాంధ్రకు బాగా తెలిసిన మనిషి. 1937లో బొబ్బిలి రాజావారిని ఎన్నికల్లో ఓడించారు. 1952లో మా పక్కనున్న పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచారు. 1957లో పార్వతీపురంలో ఓడిపోయారు. విదేశాంగ వ్యవహారాలు ఆయనకు కొత్త కావు. 1947 నుంచి 1951 వరకు సిలోనులో మన హైకమిషనరు. అక్కడి తేయాకు తోటల్లోని భారతీయ సంతతి కూలీలకు పౌరసత్వం దక్కని రోజులవి.

రెండోవారు నీలం సంజీవరెడ్డి. అనంతపురం జిల్లా రైతు కుటుంబీకులు, ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి, లోక్‌సభ స్పీకరు. కాంగ్రెసు అధికార అభ్యర్థి ఆయనే.

మూడోవారు సి.డి. దేశ్‌ముఖ్. రిజర్వు బ్యాంకుకు తొలి భారతీయ గవర్నరు, మాజీ ఆర్థికమంత్రి. రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి గారి భర్త. అంటే ఇద్దరు తెలుగువారు, ఒకరు తెలుగింటి అల్లుడు!

అప్పటికి దేశం 1962, 1965 యుద్ధాలు రెండింటిని చూసింది. అయినా ఎన్నిక తిరిగింది బ్యాంకుల జాతీయీకరణ చుట్టూ, కాంగ్రెసు లోపలి తగవు చుట్టూ. సంజీవరెడ్డి గారి అభ్యర్థిత్వాన్ని ప్రతిపాదించిన ఇందిరాగాంధీయే తర్వాత అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటు వేయమన్నారు.

మరి విదేశాంగ విధానం? అది దొడ్డిదారిన వచ్చింది. అభ్యర్థి ఏమన్నాడన్నది కాదు, అతని వెనుక ఎవరున్నారన్నది జనం చూశారు. దేశ్‌ముఖ్‌ను బలపరచినవి స్వతంత్ర పార్టీ, జనసంఘం. మొదటిది పాశ్చాత్య దేశాలతో స్నేహం కోరేది. రెండోది మనకూ అణుబాంబు కావాలనేది. ఆ పార్టీల రెండో ప్రాధాన్య ఓట్ల కోసం కాంగ్రెసు అధ్యక్షుడు నిజలింగప్ప వారితో మాట్లాడారు. దాంతో సంజీవరెడ్డి గారి మీద కూడా మితవాద ముద్ర పడింది. గిరి గారిని బలపరచినవారిలో కమ్యూనిస్టులు ఉన్నారు కాబట్టి ఆయన గెలిస్తే ఢిల్లీ రష్యా వైపు ఒరుగుతుందన్న అనుమానం.

ఆగస్టు 16న ఓటింగు, 20న లెక్కింపు. మొదటి ప్రాధాన్య ఓట్ల విలువ ఇలా ఉంది:

గిరి – 4,01,515
సంజీవరెడ్డి – 3,13,548
దేశ్‌ముఖ్ – 1,12,769

గెలవడానికి కావలసింది 4,18,169. ఎవరికీ రాలేదు. రెండో ప్రాధాన్య ఓట్లు కలిపాక గిరి గారికి 4,20,077, సంజీవరెడ్డి గారికి 4,05,427. తేడా 14,650 మాత్రమే.

గెలిచాక జరిగినది

ఇక్కడే అసలు పాఠం ఉంది. 1971 ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందం కుదిరింది. అయితే దాని మీద సంతకం చేసింది రాష్ట్రపతి కాదు, విదేశాంగమంత్రి స్వరణ్ సింగ్. గిరి గారు గెలిచినందువల్ల ఆ ఒప్పందం రాలేదు. తూర్పు బెంగాలు నుంచి శరణార్థులు లక్షల్లో వచ్చిపడడం, అమెరికా–పాకిస్తాన్–చైనాలు దగ్గర కావడం చూసి మంత్రివర్గం చేసిన నిర్ణయం అది.

డిసెంబరు 3న పాకిస్తాన్ విమానాలు మన వైమానిక స్థావరాల మీద దాడి చేశాయి. ఆ రాత్రే మంత్రివర్గం సలహా మీద గిరి గారు అత్యవసర పరిస్థితి ప్రకటించారు. అదే రాత్రి మన విశాఖ రేవు బయట పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. ఆ పదవిలో సంజీవరెడ్డి గారున్నా సంతకం వేరేగా ఉండేది కాదని నా నమ్మకం.

మరి రాష్ట్రపతి ఉత్త రబ్బరు ముద్రేనా?

అలాగని చెప్పేస్తే తప్పు. ఇక్కడ రెండు సంఘటనలు చూడాలి.

మొదటిది 1962. ఒకప్పుడు మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఉపాధ్యక్షులుగా, తరువాత మాస్కోలో రాయబారిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ అప్పటి రాష్ట్రపతి. చైనా దండయాత్ర సమయంలో అక్టోబరు 26న అత్యవసర పరిస్థితి ప్రకటన మీద సంతకం చేశారు. చేశారు గాని, చైనాను ప్రభుత్వం అతిగా నమ్మిందనీ, సంసిద్ధత విషయంలో నిర్లక్ష్యం చూపిందనీ విమర్శించడానికి వెనుకాడలేదు. మంత్రివర్గం మాట కాదనలేదు, తన మాట దాచుకోలేదు.

రెండోది 1975 జూన్ 25 రాత్రి. ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ప్రధానమంత్రి సలహా ఒక్కటే చూసి, అంతరంగిక కల్లోలం పేరిట అత్యవసర పరిస్థితి ప్రకటన మీద సంతకం చేశారు. మంత్రివర్గానికి సంగతి తెలిసింది మర్నాటి ఉదయం. ఆ ఒక్క సంతకంతో ఎందరో జైలు పాలయ్యారు.

ఆ తప్పు మళ్ళీ జరగకూడదని 1978లో 44వ సవరణ తెచ్చారు. మంత్రివర్గం నిర్ణయం రాతపూర్వకంగా ఉంటేనే రాష్ట్రపతి అత్యవసర పరిస్థితి ప్రకటించాలి. మంత్రివర్గం సలహాను ఒక్కసారి పునరాలోచనకు వెనక్కి పంపవచ్చు. అదే సలహా మళ్ళీ వస్తే పాటించాలి. విచిత్రమేమంటే ఆ సవరణ వచ్చినప్పుడు రాష్ట్రపతి ఎవరనుకున్నారు? 1969లో ఓడిపోయిన సంజీవరెడ్డి గారే! 1977లో 37 నామినేషన్లలో 36 చెల్లకపోగా ఆయన పోటీ లేకుండా ఎన్నికయ్యారు.

మనం అడగవలసినది

కాబట్టి రాష్ట్రపతి అభ్యర్థిని "ఏ దేశంతో స్నేహం చేస్తారు? ఏ ఆయుధం కొంటారు?" అని అడగడం దండగ. అడగవలసిన ప్రశ్నలు ఇవీ:

1. కాగితం మీద సంతకానికి ముందు పూర్తిగా చదువుతారా? 78వ అధికరణం ప్రకారం ప్రధానమంత్రి నుంచి సమాచారం అడిగి తెప్పించుకుంటారా?

2. అర్ధరాత్రి వచ్చిన సలహా సందేహంగా ఉంటే, పదవి ఇచ్చిన పార్టీని మరచి, వెనక్కి పంపగలరా?

3. చివరకు ప్రజలెన్నుకున్న మంత్రివర్గం నిర్ణయాన్ని గౌరవిస్తారా?

యుద్ధం, ఒప్పందం, ఆయుధాల ప్రశ్నలు అడగవలసిన చోటు వేరే ఉంది. అది మన గుమ్మంలోకే వస్తుంది. 1971 జనాభా లెక్కల్లోని మన రాష్ట్ర ప్రాంతపు జనాభాను 175 శాసనసభ స్థానాలతో, తర్వాత వెయ్యితో భాగిస్తే 159 వస్తుంది. 2022 రాష్ట్రపతి ఎన్నికలో మా నరసన్నపేట శాసనసభ్యుడి ఓటు విలువ అదే. మా శ్రీకాకుళం ఎం.పి. ఓటు విలువ 700. మనం ఎన్నుకున్న ఆ ఎం.పి.యే రాష్ట్రపతికి ఓటేస్తాడు; ఏ మంత్రివర్గం నిలబడాలో కూడా లోక్‌సభలో తేలుస్తాడు. కాని ఎన్నికల సభల్లో మనం అతన్ని రోడ్డు గురించీ, వంశధార నీటి గురించీ అడుగుతాం. సరిహద్దు గురించి ఒక్క మాటైనా అడగం. ఇంటికో సిపాయి ఉన్న ఊళ్ళలో కూడా అడగం.

వారం పోయాక నాన్నకి చెప్పాను: "యుద్ధం ఆగదు నాన్నా. కాని 'ఇంకోసారి ఆలోచించండి' అని ఒక్కసారి అనవచ్చు."

నాన్న కాసేపు ఊరుకొని, "అయితే మనం అడగాల్సింది ఢిల్లీలోనోళ్లని కాదన్నమాట. మన ఊరికి ఓటు కోసం వచ్చినోడిని" అన్నాడు.

బావ క్షేమంగానే ఉన్నాడు. మిత్రులారా, పద్దెనిమిదేళ్ళు నిండిన మనందరికీ ఓటు ఉంది. ఈసారి ఎవరైనా వచ్చినప్పుడు నాన్న ప్రశ్నను మనమే అడుగుదాం.