కారుతలుపును, స్పీకరుధ్వనియును

మోటారుకారునందు పాట ఇంపుగా వినబడకున్నయెడల పెక్కుమంది స్పీకరును నిందింతురు. దానిని తీసివైచి, అంతకంటె వెల హెచ్చైనదానిని తెచ్చి, అదే తలుపున అమర్చుదురు. పాట బిగ్గరగా వినబడునేగాని మృదంగపు ఎడమవైపు పలుకవలసిన గంభీరనాదము మునుపటివలెనే కొరవడును. పైపెచ్చు తలుపు గడగడలాడును. ధనము వ్యయమైనది, దోషము మాత్రము నిలిచియున్నది. ఏలయన, దోషము స్పీకరునందుగాక తలుపునందుండుటయే.

స్పీకరులోని శంకువు ముందునకు కదలినపుడు ముందటి గాలి ఒత్తిడి నొందును. అదే క్షణమున వెనుకటి గాలి పలుచనగును. కావున స్పీకరు ముందువెనుకల రెండు ధ్వనులను పుట్టించును. అవి యొకదానికొకటి ప్రతికూలములు. 20 సెంటిగ్రేడు డిగ్రీల వేడిమిగల గాలిలో ధ్వని సెకండునకు సుమారు 343 మీటర్లు పోవును. సెకండునకు 80 కంపనములు గల మంద్రస్వరముయొక్క తరంగదైర్ఘ్యము, 343ను 80చే భాగింపగా, సుమారు 4.3 మీటర్లని తేలును. స్పీకరు అంచును చుట్టి వెనుకనుండి ముందునకు వచ్చుటకు గల దూరమో, జానెడు. అంత పెద్ద తరంగమునకు జానెడు దూర మొక లెక్కకాదు. వెనుకటి పలుచదనము ముందటి ఒత్తిడిని అప్పటికప్పుడే పూడ్చివైచును. మంద్రస్వరము చెవికి చేరకమునుపే క్షీణించును. సెకండునకు 3000 కంపనములు గల తారస్వరపు తరంగము 11 సెంటిమీటర్లే గనుక దాని కీ హాని అంతగా లేదు.

దీనిని తరగతిలో పరీక్షించుట సులభము. పాత రేడియోనుండి తీసిన స్పీకరును వట్టిచేత పట్టుకొని పాట వినుడు. పిదప నొక పెద్ద అట్టకు స్పీకరు మూతియంత రంధ్రము చేసి, దానికి బిగించి మరల వినుడు. స్పీకరు మారలేదు, విద్యుచ్ఛక్తి మారలేదు. అయినను ధ్వనికి నిండుదనము వచ్చును. అమెరికాలో జనరల్ ఎలెక్ట్రిక్ సంస్థకు చెందిన రైసు, కెలాగు అనువారు 1925లో తమ స్పీకరును లోకమునకు తెలిపినపుడు వారును దానిని అడ్డుపలకయందే అమర్చిరి.

కారుతలుపు ఈ అట్టవంటిదే. కాని చిల్లులుపడిన అట్ట. దానికి వెలుపలి రేకు, లోపలి రేకు అని రెండు కలవు. అద్దపు యంత్రమును, గడియను బాగుచేయుటకు చేయి దూరవలెను గనుక లోపలి రేకున పెద్ద రంధ్రములు విడుతురు. పెక్కు కార్లలో వీనిపై పలుచని ప్లాస్టికు పొరను అంటించుదురు. అది నీటి నాపునుగాని ధ్వని నాపజాలదు.

మొదటి పని యీ రంధ్రములను మూయుట. పెద్దవానిపై మెత్తని పట్టీ మాత్రమే అంటించినచో అది డప్పుతోలువలె ఊగును. కావున అల్యూమినియపు పలకను కొలతకు కత్తిరించి మరమేకులతో బిగించి, అంచులను పట్టీతో మూయవలెను. రేపు అద్దపు యంత్రము చెడినపుడు దానిని విప్పవచ్చును. స్పీకరునకును రేకునకును నడుమ స్పాంజి వలయము నుంచుట మరువరాదు. ఇంత శ్రమపడి ఆ సందును విడిచినవాడు కుండకు మూతపెట్టి అడుగున చిల్లి విడిచినవాడే.

రెండవ పని వెలుపలి రేకు మ్రోతను అణచుట. సంతలో కుండ కొనువారు వ్రేలితో కొట్టి చూతురు; మంచికుండ ఖంగున మ్రోగును. దానికే తడిమట్టి మెత్తినచో ఆ మ్రోత అణగిపోవును. తలుపురేకునకు తడిమట్టివంటివి అల్యూమినియపు పొరగల బ్యూటైలు రబ్బరు పట్టీలు. ఇవి సుమారు 2 మిల్లీమీటర్ల మందమున దొరకును. రేకు ఊగినపుడు రెండు లోహముల నడుమ రబ్బరు సాగి నలిగి, కంపనశక్తిని వేడిమిగా మార్చును. రేకునంతయు కప్ప నక్కరలేదు. మిక్కిలి ఊగు నడిమిభాగమున అంటించినను చాలును. తారుపట్టీలు చవుకయేగాని, మన వేసవియెండలకు మెత్తబడి జారుటయు, వాసనకొట్టుటయు కలదు; మే మవి మెచ్చము.

ఇక జాగ్రత్తలు. అద్దముప్రక్కనుండి వాననీరు తలుపులోనికి దిగుట సహజము. అది పోవుటకు తలుపు అడుగున చిన్న రంధ్రము లుండును. సందులన్నియు మూయవలెనన్న ఉత్సాహములో వీనిని మూసినచో నీరు నిలిచి రేకు త్రుప్పుపట్టును. అంతకంటె ముఖ్యమైనది ప్రాణమునకు సంబంధించినది. ప్రక్కనుండి తాకిడి తగిలినపుడు విచ్చుకొను ఎయిర్‌బ్యాగులు గల కొన్ని కార్లలో, తలుపులోని గాలియొత్తిడి హఠాత్తుగా పెరుగుటను కనిపెట్టు సాధనము తలుపునందే యుండును. అట్టి తలుపురంధ్రములను మార్చుటకు పూర్వము ఆ కారు చేసిన సంస్థవారి నడుగవలెను. వారు వలదన్నచో ఆ పని మానుకొనవలసినదే. గంభీరనాదము లేకున్నను ప్రయాణము సాగును.

పని ముగిసినపిదప అద్దమును పూర్తిగా దించి, అది పట్టీలకు తగులునేమో చూడవలెను. ప్లాస్టికు మూతను మరల బిగించుటకు ముందు మంద్రస్వర మొకటి వినిపించుచు తలుపునంతయు చేతితో తడిమి చూడుడు. ఎచ్చట అదురు తెలియునో అచ్చట గడియకడ్డీయో, విద్యుత్తీగయో రేకునకు తగులుచుండును. దానికి గుడ్డపట్టీ చుట్టినచో ఆ మ్రోత మానును.