టికెట్‌లో అన్నీ ఉంటాయా?

ప్రశ్న: అమ్మానాన్నలతో సింగపూర్ నుంచి క్రూజ్‌కి వెళ్తున్నాం. టికెట్‌లోనే అన్నీ వస్తాయంటున్నారు, నిజమేనా? నాన్నకు బస్సెక్కితేనే కడుపులో తిప్పుతుంది.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అన్నీ రావమ్మా. గది, బఫే, పెద్ద డైనింగ్ హాల్లో భోజనం, రాత్రి ప్రదర్శనలు, మామూలుగా ఇంతవరకే. మద్యం, వైఫై, ఒడ్డున దిగి చూసే టూర్లు విడి లెక్క. టిప్పుల పేరుతో మనిషికి రాత్రికింత అని చాలా కంపెనీలు ఖాతాలో రాసేస్తాయి. అసలు దెబ్బ ఫోనుది. నడిసముద్రంలో అది ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్ పట్టుకుందంటే బిల్లు చూసి గుండె గుభేలంటుంది. ఎక్కగానే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టేయండి.

నాన్నగారికి కింది అంతస్తులో, ఓడ మధ్యభాగంలో గది అడగండి. ఊపు అక్కడే తక్కువ. మాత్రలు డాక్టర్నడిగి తీసుకెళ్లండి, చేతిసంచిలోనే ఉంచండి. పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు.

భద్రతా డ్రిల్ ఎగ్గొట్టకండి. 2012లో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే క్రూజ్ ఓడ ప్రమాదానికి గురైనప్పుడు, ఆరోజే ఎక్కినవాళ్లకు ఆ డ్రిల్ ఇంకా జరగనే లేదు. బయల్దేరే ముందే లేదా బయల్దేరిన వెంటనే జరపాలన్న నిబంధన ఆ తర్వాతే వచ్చింది.

తిరిగి సింగపూర్‌లోనే దిగుతారు కనుక వీసా మల్టిపుల్ ఎంట్రీదో కాదో చూసుకోండి. మధ్యలో రేవులో దిగి సొంతంగా ఊరు చూడబోతే మాత్రం గడువుకు గంట ముందే వచ్చేయండి. మీకోసం ఓడ ఆగదు.