తిరిగి వచ్చినవారు

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 15:22–27, సంఖ్యాకాండము 13:17–24



అరణ్యము అను మాట పరిశుద్ధ గ్రంథములో చదువునప్పుడు మన గ్రామములవారి మనస్సునకు చెట్లు దట్టముగా పెరిగిన అడవి తోచుచుండును. మోషే నడిపించిన అరణ్యము బొమ్మ గీయుమని ఆదివారపు బడి పిల్లలతో చెప్పిన, పులిని కూడ గీసి చూపుదురు. అయితే ఇశ్రాయేలీయులు నడచిన అరణ్యములో అట్టి అడవి లేదు. అది రాయి, ఇసుక, ఉప్పు, ఎండ. అట్టి నేలమీద మూడు దినములు నీళ్లు లేక నడచుట యెట్టిదో కొంచెమైనను తెలిసిననే గాని, మారాయొద్ద జనులు ఎందుకు సణిగిరో మనకు బోధపడదు. సణుగుట తప్పే. దాహము కూడ నిజమే.

అట్టి నేలను కన్నులార చూచుట మాకు 2024 ఫిబ్రవరి నెలలో సంభవించెను. మా కుమార్తెయు అల్లుడును అమెరికా దేశమందు లాస్ ఏంజిల్స్ పట్టణములో కాపురమున్నారు. మేము దంపతులము వారియొద్ద కొన్ని నెలలుంటిమి. ఆ దినములలో మనుమడు, మనుమరాలితో కూడ ఆరుగురము ఒకే కారులో 'డెత్ వ్యాలీ' అను ఎడారికి పోతిమి. ఆ పేరునకు మరణపు లోయ అని అర్థము. తెల్లవారకమునుపే బయలుదేరి, కొండ కనుమ దాటి, బార్‌స్టో, బేకర్ అను ఊళ్ల మీదుగా పోతిమి. బేకరులో 134 అడుగుల ఎత్తుగల ఉష్ణమాపక స్తంభము నిలిపియున్నారు. 1913 జూలై 10న మరణపు లోయలోని ఫర్నేస్ క్రీక్ అను చోట ఫారన్‌హీటు లెక్కన 134 డిగ్రీలు, అనగా మన లెక్కన 56.7 డిగ్రీలు నమోదాయెను గనుక స్తంభమునకు ఆ కొలత పెట్టిరి. ఆ అంకెను శంకించు శాస్త్రజ్ఞులు కలరు; అయినను లోకములో అధికారికముగా నమోదైన వేడిమిలో అదియే మిక్కిలి పెద్దది. శంక లేని అంకె ఒకటి చెప్పెదము. 2024 జూలై నెలలో అక్కడ పగలు రాత్రి కలిపి తీసిన సగటు 42.5 డిగ్రీలు. రెంటచింతలవారికి మే నెల మధ్యాహ్నపు ఎండ తెలియును గదా. ఆ ఎండ నడిరేయి కూడ దిగకుండ నెల దినములుండుట ఊహించుకొనుడి.

మేము పోయినది చలికాలము గనుక ఎండ హాయిగానే యుండెను. అయినను మా అల్లుడు మనిషికి దినమునకు నాలుగేసి లీటర్ల చొప్పున నీళ్ల డబ్బాలు కారులో ఎక్కించెను. ఇంత బరువెందుకని అడుగగా, "మామయ్యగారూ, అక్కడ చాలచోట్ల ఫోను పలుకదు. బండి చెడితే బండి దగ్గరనే ఉండవలెనుగాని, నడిచి పోకూడదని ఆ పార్కువారు మరీమరీ చెప్పుదురు. వెదకుటకు వచ్చువారికి బండి కనబడును, మనిషి కనబడడు" అనెను. ఈ మాటను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దానితో పని యున్నది.

లోయ అడుగున బ్యాడ్‌వాటర్ అను తావు కలదు. చెడ్డ నీళ్లని దాని భావము. అది సముద్రమట్టమునకు 282 అడుగులు దిగువను ఉన్నది. ప్రక్కనున్న కొండమీద, తలయెత్తి చూచినగాని కనబడనంత యెత్తున, సముద్రమట్టము ఇక్కడ అని ఒక బోర్డు కట్టియున్నారు. సంవత్సరమంతటిలో రెండంగుళముల వానయైన సరిగా కురియని చోటు అది. అట్టిచోట 2023 ఆగస్టు 20న ఒక్కదినమే 2.2 అంగుళముల వాన కురిసెను. మరల 2024 ఫిబ్రవరి మొదటివారములో కురిసెను. అందుచేత ఎప్పుడును తెల్లని ఉప్పుచేనుగా నుండు తావు, మేము పోవునప్పటికి చెరువైయుండెను. ఆరు మైళ్ల పొడవు, మూడు మైళ్ల వెడల్పు. లోతు మాత్రము అడుగే. మంచు కప్పిన కొండశిఖరములు అందులో తలక్రిందులుగా కనబడుచుండెను. మా మనుమడు వ్రేలు ముంచి నాలుకకు రాచుకొని, వెంటనే ఉమిసివేసెను. పూర్వమొకడు తన కంచరగాడిదను అక్కడికి తోలగా అది మూతి పెట్టలేదనియు, అందుచేతనే ఆ పేరు కలిగెననియు చెప్పుకొందురు. కనుచూపుమేర నీళ్లు, త్రాగుటకు చుక్క లేదు. మారా అనగా ఏమో ఆ గట్టున నిలువబడినప్పుడు మాకు తెలిసినంతగా ఏ వ్యాఖ్యానము చదివినను తెలియలేదు.

ఇక ఆ లోయకు ఆ పేరు ఎట్లు కలిగెనో చెప్పవలెను. మా పాఠము అదియే.

1848లో కాలిఫోర్నియాలో బంగారము దొరికినదను వార్త పుట్టగా, మరు సంవత్సరము వేలకొలది జనులు ఎద్దుబండ్లు కట్టుకొని పడమటికి బయలుదేరిరి. 1849 అక్టోబరులో సాల్ట్ లేక్ ప్రాంతమునుండి సుమారు నూరు బండ్లు జెఫర్సన్ హంట్ అను దారి తెలిసిన మనుష్యుని వెంట దక్షిణపు దారిని నడిచెను. త్రోవలో ఒకడు వచ్చి, అడ్డదారి గీసిన పటము చూపెను. దానినిబట్టి పోయిన ఎన్నో దినములు కలిసివచ్చునని చెప్పగా, అనేకుల మనస్సు అటు తిరిగెను. ఒక్క బండి మిగిలినను తాను ఒప్పుకొన్న దారిననే నడిపింతునని హంట్ చెప్పెను. పటమును నమ్మి విడిపోయినవారిలో ఎక్కువమంది, లోతైన గండి అడ్డము రాగా, కొలది దినములలోనే వెనుకకు తిరిగిరి. కొందరు మాత్రము ముందుకే పోయిరి. అడ్డదారి అనునది దాదాపు ఎల్లప్పుడును పటముమీద చక్కగానే యుండును.

వారు డిసెంబరులో ఈ లోయలో దిగిరి. ఎద్దులు ఎముకలగూళ్లై యుండెను. ఎదుట పడమటి ప్రక్క 11,000 అడుగులకు మించిన కొండలు గోడవలె నిలిచియుండెను. బండ్లు ఎక్కు దారి లేదు. అందులో బెన్నెట్టు, ఆర్కాన్ అను రెండు కుటుంబములవారు ఒక ఊటయొద్ద ఆగిరి. వారికి నలుగురు చిన్నపిల్లలు. ఎద్దులను ఒక్కొక్కటే కోసి తినుచుండిరి. అప్పుడు, పెండ్లికాని యిద్దరు మనుష్యులను దారి వెదకి ఆహారము తెచ్చుటకు పంపుటకు ఆలోచన చేసిరి. ఒకడు విలియం లూయిస్ మ్యాన్లీ, 29 ఏండ్లవాడు. రెండవవాడు జాన్ రోజర్స్. ఒక ఎద్దును కోసి ఎండబెట్టిన మాంసము మూటగట్టి యిచ్చి, తమయొద్దనున్న కొద్ది డబ్బును చేతిలో పెట్టి సాగనంపిరి. ఈ యిద్దరిలో ఎవరును ఆ కుటుంబములకు రక్తసంబంధులు కారు.

వారు సుమారు 250 మైళ్లు నడిచిరి. దాహముచేత నోరు పిడచగట్టి, ఎండు మాంసము నమిలినను మ్రింగుడుపడక యుండెను. ఒక ఉదయమున పలుచని మంచుపెంకు దొరకగా దానిని కరగించుకొని త్రాగి బ్రదికిరి. మ్యాన్లీకి కాలు నొప్పి పుట్టి నడువలేనప్పుడు, నన్ను విడిచి నీవు పొమ్మని చెప్పినను రోజర్స్ పోలేదు. తుదకు లాస్ ఏంజిల్స్‌కు ఉత్తరముననున్న పశువుల పాలెమునకు చేరిరి. అక్కడివారిది స్పానిషు భాష, వీరికి రాదు. చేసైగలతోనే భోజనము దొరికెను. గుఱ్ఱములు మూడు, ఒంటికంటి కంచరగాడిద ఒకటి, పిండి, చిక్కుడుగింజలు సమకూడెను. ఎడారిలో పిల్లలున్నారని తెలిసిన ఒక తల్లి, తన బిడ్డను చూపుచు, ఆ పిల్లలకిమ్మని నారింజపండ్లు చేతికిచ్చెనని మ్యాన్లీ వ్రాసియున్నాడు. ఎష్కోలు లోయనుండి వేగులవారు తెచ్చిన ద్రాక్షగెల సంగతి మనము చదువుచున్నాము గదా. ఈ పండ్లు దానికంటె చిన్నవే గాని, ఇవియు మంచి దేశమొకటి ముందున్నదని చూపుటకే పోయినవి.

ఇక్కడ చదువరులు కొంచెము ఆగి ఆలోచింపవలెను. ఆ యిద్దరును బ్రదికి బయటపడిరి. పచ్చిక, పాలు, మాంసము వారి యెదుట నున్నవి. బంగారము త్రవ్వు చోట్లకు దారి తెరచియున్నది. వెనుకకు పోయిన, దాటివచ్చిన మరణమునే మరల రెండుసార్లు దాటవలెను: పోవునప్పుడొకటి, వచ్చునప్పుడొకటి. పోయినను ఆ కుటుంబములు బ్రదికియుండునని నిశ్చయము లేదు. వారు పెద్దగా తర్కించుకొన్నట్లు మ్యాన్లీ గ్రంథములో కనబడదు. ఆహారము కట్టించుకొని బయలుదేరిరి, అంతే. ఆ అంతే అనుమాటలోనే వారి గొప్పతనమున్నదని మేము తలంచుచున్నాము.

లోయలో ఏమి జరుగుచుండెను? అనుకొన్న గడువు దాటిపోయెను. కూడనున్న ఒంటరివారు, ఆ యిద్దరు ఈ గొయ్యినుండి బయటపడిన తరువాత తిరిగివచ్చుటకు వెఱ్ఱివారా అని చెప్పి, తమ దారి తాము చూచుకొనిరి. రెండు కుటుంబములు మాత్రము బండ్లయొద్దనే యుండెను. మన గ్రామములలో కువైటుకు పోయిన భర్తకొరకు, హైదరాబాదుకు పనికి పోయిన కుమారునికొరకు కనిపెట్టు ఇండ్లున్నవి. ఇక వాడు రాడులే అని చెప్పు పొరుగువారు అక్కడను ఉందురు. ఆ మాట చెప్పుట సులభము, వినుచు దినములు గడుపుట కష్టము. సంఘపెద్దలు అట్టి యింటికి పోయినప్పుడు రెండవదానిని తలంచుకొని మాటలాడుట మేలు.

కొండలలో నిలువుగా తెగిన రాతిగట్టు ఒకటి అడ్డు రాగా గుఱ్ఱములను అక్కడ విడువవలసివచ్చెను. ఒంటికంటి గాడిద మాత్రము అంచువెంబడి నడచి దాటెను. 26 దినములకు మ్యాన్లీ, రోజర్స్ బండ్లు కనబడు దూరమునకు వచ్చిరి. దారిలో తమకు తెలిసిన మనుష్యుని శవము చూచియుండిరి. బండ్లయొద్ద అలికిడి లేదు. అందరు చనిపోయిరేమో, లేక శత్రువులు పొంచియున్నారేమో అని భయపడి, తుపాకి ఒక్కసారి కాల్చిరి. బండి క్రిందనుండి ఒక మనుష్యుడు లేచి నలుదిక్కులు చూచెను. తరువాత చేతులెత్తి, కుఱ్ఱవాండ్రు వచ్చిరి, వచ్చిరి అని కేకవేసెను. పిల్లలు నలుగురును బ్రదికియుండిరి.

బండ్లను అక్కడనే విడిచి బయలుదేరిరి. రెండు గట్టి చొక్కాలను కలిపి సంచులుగా కుట్టి, క్రంప్ అను ముసలి ఎద్దుమీద వేసి, చిన్నవారినిద్దరిని ఇరుప్రక్కల సంచులలోను, పెద్దవారినిద్దరిని వీపుమీదను ఎక్కించిరి. ఆర్కాన్‌గారి భార్య, ఎటులైనను విడువవలసినవే గదా అని, తన మంచి బట్టలన్నియు కట్టుకొని రిబ్బనులతోకూడ ఎద్దునెక్కెను. ఆ ఎద్దు బెదరి గంతులు వేసి ఆమెను క్రింద పడవేయగా, అంత దుఃఖములోను అందరు నవ్విరి. ఆదివారపు బడిలో ఈ కథ చెప్పు ఉపాధ్యాయులు ఈ సంగతి విడువవద్దు. గట్టు ఎక్కిన తరువాత వెనుకకు చూచి, మరణపు లోయా, సెలవు అన్నట్లుగా వారిలో పలికినందుననే ఆ పేరు నిలిచెనందురు. 1850 మార్చిలో వారు పశువుల పాలెమునకు క్షేమముగా చేరిరి. మ్యాన్లీ ఇదంతయు 1894లో, వృద్ధాప్యమున, పుస్తకముగా అచ్చువేయించెను. నేడు అక్కడ ఒక రాతి కొమ్మునకు మ్యాన్లీ పేరును, రెండు శిఖరములకు రోజర్స్, బెన్నెట్టుల పేర్లును కలవు.

ఆ సాయంకాలము మేము ఫర్నేస్ క్రీక్ చేరితిమి. ఖర్జూరపు చెట్ల నీడ, పారు నీళ్లు. తూర్పు కొండలమీద వేలయేండ్ల క్రిందట పడిన వానయు మంచును నేలలోపలి సున్నపురాతి పొరలగుండ ప్రాకి ఇక్కడ ఊటలై పైకి వచ్చుచున్నవి. మన తెలుగు బైబిలులో ఏలీమునొద్ద ఈతచెట్లని యున్నది. ఈతయు ఖర్జూరమును అక్కచెల్లెండ్రే గనుక ఆ తర్జుమా మాకు ఇష్టమే. ఆ నీడ మన గట్టుమీది నీడవలెనే కనబడును.

ఆ ఊటలయొద్ద ఒక జాతివారు ఆ బండ్లు రాకమునుపు ఎన్నో తరములుగా కాపురమున్నారు. వారు టింబిషా షొషోనీలు. తమ నేలను మరణపు లోయ అని పిలుచుట వారికి ఇష్టము లేదు. వేసవిలో కొండలమీది చల్లని తావులకు పోవుచు, చలికాలమున దిగివచ్చుచు, పిన్యన్ గింజలను, మెస్కీట్ చెట్టు కాయలను దంచి తినుచు బ్రదికిరి. దారి తప్పినవారు ఆకలిచేత ఎద్దులను కోసికొన్న నేలలోనే వీరి పిల్లలు పెరుగుచుండిరి. నీళ్లెక్కడనో తెలిసినవానికి ఒక పేరు, తెలియనివానికి మరియొక పేరు. ఆ నేల 1933లో ప్రభుత్వపు రక్షిత స్థలమాయెను, 1994లో జాతీయ పార్కాయెను. వీరు మాత్రము చాలకాలము సొంత ఊరిలోనే పరాయివారుగా నుండిరి. పట్టువిడువక అడుగగా, 2000 సంవత్సరపు చట్టముచేత సుమారు 7,700 ఎకరములు తిరిగి వారి వశమాయెను. అందులో 300 ఎకరములకు పైగా ఫర్నేస్ క్రీక్‌లోనే కలవు. వారి పల్లె నేటికిని అక్కడనే యున్నది.

ఆ పల్లె దరిదాపులనున్న మెస్కీట్ చెట్లను చూచి మా యింటివారు నిలిచిపోయిరి. అది మన చెరువుగట్లమీద పెరుగు సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమే. ఆ ముల్లు, ఆ ఆకు, ఆ కాయ. క్రింద ఎండుకాయలు రాలియుండెను. "ఇన్ని కాయలు నేలపాలయినవి, ఒక్క మేకయైనను లేదేమమ్మా?" అని ఆమె కుమార్తెనడిగెను.